అడవికి ముందటి అధ్యాయం: తెలుగు రచనల్లో అటవీయాత్రా సన్నాహం

వ్యాససంగ్రహం

యాత్రాసాహిత్యాన్ని గురించిన మన విమర్శ ఎక్కువగా గమ్యాన్ని, అనుభూతిని, వర్ణనను పరిశీలించింది. యాత్రకు ముందు జరిగే ఏర్పాటును, అంటే కాలాన్ని ఎంచుకోవడం, దారి తెలుసుకోవడం, మనుషులను కూర్చుకోవడం, అనుమతి పొందడం వంటి అంశాలను రచనలో ఒక భాగంగా చూసిన సందర్భాలు తక్కువ. దుర్గమమైన అడవిలోకి సాగే యాత్రలో ఈ సన్నాహభాగమే అడవి గురించిన జ్ఞానం ఎవరిదో నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాల్కురికి సోమనాథుని పర్వతప్రకరణం, ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర, డా. కేశవరెడ్డి నవల 'అతడు అడవిని జయించాడు', కలివికోడి అన్వేషణ వృత్తాంతం ఇందుకు ఆధారాలు. పశ్చిమ నెల్లూరులోని సీతారామపురం నుండి కనిపించే వెలికొండలు ఈ పరిశీలనకు నేపథ్యం.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, సన్నాహం, వెలికొండలు, నల్లమల, కోన, చెంచులు, యానాదులు, కలివికోడి, క్షేత్రపర్యటన.

1. ఉపోద్ఘాతం

సీతారామపురం ఊరు దాటి పడమరకు చూస్తే వెలికొండలు ఒక గోడలాగా కనిపిస్తాయి. ఆ గోడకు అవతల కడప, ఇవతల నెల్లూరు. పాదాల దగ్గర ఘటిక సిద్ధేశ్వరం, కొంత ఉత్తరాన భైరవకోన, దక్షిణాన ఇదే కొండలవరుసలో పెంచలకోన ఉన్నాయి. ఈ మూడు చోట్లకూ జనం వెళ్తూనే ఉన్నారు. అయితే ఆ చోట్లకు వెనుక ఉన్న అడవిలోకి వెళ్ళాలంటే మాత్రం ఒక ప్రణాళిక కావాలి. ఎప్పుడు వెళ్ళాలి, ఎవరు దారి చూపాలి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఎవరిని అడగాలి అనే ప్రశ్నలు అక్కడ మొదలవుతాయి.

ఈ ప్రశ్నలు వ్యావహారికమైనవనీ, సాహిత్యవిమర్శకు సంబంధించనివనీ మనం అనుకుంటాం. యాత్రారచనను చదివేటప్పుడు బయలుదేరే ఘట్టాన్ని త్వరగా దాటవేసి, లోపలి వర్ణనల దగ్గర ఆగుతాం. పాఠ్యాంశంగా నిర్ణయించే భాగాలు కూడా చాలావరకు అటువంటివే. ఇది పఠనంలో ఒక లోపం. తెలియని అడవికి సిద్ధమయ్యే మనిషి తనకు ఏది తెలియదో మొదటిసారి ఒప్పుకొనేది సన్నాహంలోనే. తెలిసినవాణ్ణి వెతుక్కొనేదీ అక్కడే. లోపలికి వెళ్ళాక రచయిత స్వరం పెరుగుతుంది. దారి చూపినవాని స్వరం తగ్గుతుంది. ఈ మార్పు ఎక్కడ, ఎలా జరుగుతున్నదో గుర్తించాలంటే మొదటి అధ్యాయాన్ని జాగ్రత్తగా చదవాలి.

2. 'వర్షారణ్యం', 'కోన': రెండు మాటల మధ్య దూరం

ముందుగా పరిభాషను గురించి ఒక మాట. ఉష్ణమండల వర్షారణ్యం అనే పదబంధం మన పాఠ్యపుస్తకాల ద్వారా వచ్చింది. అమెజాన్, కాంగో అడవుల ఊహను అది వెంట తెచ్చింది. ఏడాది పొడుగునా వాన, చీకటి కమ్మిన చెట్లు, తేమ, జలగలు ఆ ఊహలోని భాగాలు. తెలుగునేల మీద అటువంటి అడవి దాదాపు లేదు. తూర్పుకనుమల ఉత్తరభాగంలో, పాపికొండలు, మారేడుమిల్లి ప్రాంతాల్లో, పాక్షికంగా సతతహరితమైన అడవి కొంత ఉంది. నల్లమల, వెలికొండ, పాలకొండ, శేషాచలం అడవులు చాలావరకు ఎండకాలంలో ఆకు రాల్చేవి. ఎర్రచందనం సహజంగా పెరిగే ప్రపంచంలోని ఏకైక ప్రాంతం ఈ దక్షిణ తూర్పుకనుమలే.

ఈ తేడా సన్నాహపు స్వభావాన్నే మార్చేస్తుంది. వర్షారణ్యానికి సిద్ధమయ్యేవాడు వాన నుండి తనను కాపాడుకోవాలి. మన అడవికి సిద్ధమయ్యేవాడు నీటిని వెతుక్కోవాలి. ఆ విషయం మన స్థలనామాల్లోనే ఉంది. కొండా కోనా అని జంటగా పలికే మాటలో కోన అంటే కొండల నడుమ చొచ్చుకుపోయిన చోటు. భైరవకోనలోనూ పెంచలకోనలోనూ జలపాతాలున్నాయి. వెలికొండల్లో కోన అన్న పేరు వినగానే జనానికి మొదట నీరు గుర్తుకు వస్తుంది. శ్రీశైలం కాలిదారిలో పెద్దచెరువు, భీముని కొలను అనేవి మజిలీల పేర్లు. అంటే తెలుగు అడవి పటం మొదట నీటి పటం. చెలమ, ఊట, మడుగు, కొలను అనే మాటలు తెలియనివాడు ఆ పటాన్ని చదవలేడు.

మరొక సంగతి. వెలికొండల తూర్పువాలుకు ప్రధానంగా ఆశ్వయుజ, కార్తికాల్లో ఈశాన్య ఋతుపవనం నీరిస్తుంది. నల్లమలకు నైరుతి ఋతుపవనం ముఖ్యం. భైరవకోనకు కార్తికపౌర్ణమి నాడు జనం పోవడంలో భక్తితోపాటు జలపాతం నిండుగా దూకే కాలాన్ని ఎరిగిన తెలివి కూడా ఉంది. శ్రీశైలయాత్రకు సరిపోయే పంచాంగం సీతారామపురానికి సరిపోదు. పుస్తకంలోని ఋతువర్ణనను మాత్రమే నమ్ముకొని బయలుదేరే పరిశోధకుడు చేసే మొదటి పొరపాటు ఇదే.

3. పర్వతప్రకరణం: కాలాన్ని ఎంచుకొన్న సమూహం

పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలో అయిదు ప్రకరణాలున్నాయి. చివరిదైన పర్వతప్రకరణం శ్రీశైలాన్నీ, శివరాత్రికి అక్కడికి సాగే భక్తుల సమూహాన్నీ వర్ణిస్తుంది. జానపదసాహిత్య పరిశోధకులకు పండితారాధ్యచరిత్ర ఒక గని. తుమ్మెదపదాలు, ప్రభాతపదాలు, పర్వతపదాలు, వెన్నెలపదాలు మొదలైన పేర్లను అందులో నుండి మనం పదేపదే ఉదాహరిస్తాం. ఆ జాబితాను వ్యాసంలోకి తీసుకొని, పాడుతున్నవారు ఎక్కడికి, ఎందుకు, ఎలా నడుస్తున్నారనే సంగతిని పక్కన పెడతాం.

ప్రకరణాన్ని యాత్రాదృష్టితో చదివితే పాటల జాబితాకు ఇంకో అర్థం వస్తుంది. దుర్గమమైన అడవిదారిలో పాట ఒక సాధనం. గుంపు చెదరకుండా ఉంచుతుంది, అడుగుకు లయనిస్తుంది, ముందున్నవారు ఎంత దూరంలో ఉన్నారో వెనుకనున్నవారికి తెలుపుతుంది. పర్వతపదాలు అనే పేరును శ్రీశైలపర్వతాన్ని స్తుతించే పాటలుగానే కాక, పర్వతం ఎక్కుతూ పాడే పాటలుగా కూడా అర్థం చేసుకోవడానికి అవకాశం ఉంది. ఇది నా ఊహ మాత్రమే అయినా, ప్రకరణసందర్భం దానికి అనుకూలంగానే ఉంది.

శివరాత్రి మాఘమాసపు చివర వస్తుంది. అప్పటికి వానలు పోయి దారులు ఆరి ఉంటాయి. కొలనులు ఇంకా పూర్తిగా ఎండవు. రాత్రి నడవడానికి చలి అడ్డురాదు. దట్టమైన అడవిని వేలమంది దాటడానికి ఏడాదిలో ఇంతకంటే అనువైన రోజులు తక్కువ. కనుక వ్రతకాలమే యాత్రాప్రణాళిక. ఇందులో ప్రణాళిక వేసినవాడంటూ ఒక వ్యక్తి లేడు. తరతరాల నడక ఆ తిథిని స్థిరపరచింది. నేటికీ నల్లమలలోని సలేశ్వరం యాత్ర చైత్రపౌర్ణమి వేళ కొద్దిరోజులపాటే సాగుతుంది. ఆ జాతరలో చెంచులకు ప్రధానపాత్ర ఉంది. పంచాంగంలో దాగిన ఈ సామూహికజ్ఞానం సన్నాహానికి మొదటి రూపం.

రాళ్ళు పరచిన మెట్లు రెండో రూపం. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని మన చరిత్ర చెబుతుంది. అడవిని దాటే కష్టాన్ని తగ్గించడం ధర్మకార్యంగా గుర్తింపు పొందిన కాలమది. అయితే మెట్టు కట్టించినవాని పేరు శాసనానికి ఎక్కింది. ఆ మెట్టు ఏ జాడవెంట పడాలో చెప్పినవాని పేరు ఎక్కలేదు.

4. ఉదయగిరి దారి: దండయాత్రలో సన్నాహం

సీతారామపురానికి అతిసమీపంలోని ఉదయగిరి మరో రకమైన సన్నాహాన్ని చూసింది. గజపతుల అధీనంలోని ఈ గిరిదుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, 1514లో గెలిచాడు. ముట్టడి ఏడాదికి పైగా సాగింది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాతలో ఈ ముట్టడికోసం కొండరాళ్ళను పగలగొట్టి సైన్యానికి దారులు చేయించిన ప్రస్తావన ఉంది. ఇక్కడ అడవీ కొండా ఒక అడ్డంకి. సన్నాహం అంటే ఆ అడ్డంకిని తొలగించడం.

అదే రాజు రచించిన ఆముక్తమాల్యదలో రాజనీతిభాగం వేరే స్వరంతో మాట్లాడుతుంది. సరిహద్దుల్లోని అడవిని పెంచాలనీ, రాజ్యమధ్యంలోని అడవిని తగ్గించాలనీ చెప్పే ఆ కావ్యం, కొండల్లో, అడవుల్లో ఉండే జనాన్ని శిక్షతో కాక నమ్మకంతో దగ్గర చేసుకోవాలని సూచిస్తుంది. వారు మాటకు కట్టుబడతారనీ, చిన్న అనుమానానికి కూడా దూరమవుతారనీ గ్రహించింది. ఈ భాగాన్ని మనం రాయల పరిపాలనాదక్షతకు నిదర్శనంగా బోధిస్తాం. ఉదయగిరి కొండల నీడలో కూర్చొని చదివితే మాత్రం ఇది అనుభవం నుండి పుట్టిన మాటగా తోస్తుంది. దారి తెలిసినవాడు అనుకూలంగా లేకపోతే ఎంత పెద్ద సేనకైనా కొండ వశపడదు.

అయినా ఒక పరిమితిని గమనించాలి. ఆ పద్యాల్లో అడవిమనిషి సలహాకు విషయమే అయ్యాడు. అతని వైపు నుండి మాట రాలేదు. అతణ్ణి ఎలా నమ్మించాలో రాజుకు తెలుసు. రాజును ఎందుకు నమ్మాలో అతడు అడిగే సందర్భం కావ్యంలో లేదు.

5. కాశీయాత్ర చరిత్ర: మజిలీ అనే ప్రమాణం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18 రాత్రి చెన్నపట్నంలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. అతడు సుప్రీం కోర్టులో దుబాసీ. దారిపొడుగునా రాసుకొన్న దినచర్యను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు పంపుతూ వచ్చాడు. వీరాస్వామయ్య మరణానంతరం 1838లో అది అచ్చయింది. దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో 1941లో వెలువడిన ప్రతి నేటి పరిశోధకులందరికీ తెలిసినదే.

తెలుగులో సన్నాహాన్ని రచనావస్తువుగా చేసిన మొదటి గొప్ప గ్రంథం ఇదేనని నా అభిప్రాయం. ఈ పుస్తకానికి కొలమానం మజిలీ. ప్రతి దిగుడు దగ్గర నీరు ఎలాంటిది, నీడ ఉందా, అంగళ్ళున్నాయా, దిగడానికి సత్రమో తోపో ఉందా, దారి గట్టిదా రాతిదా అనే వివరాలు వరుసగా వస్తాయి. సౌందర్యవర్ణన కోసం చూసేవారికి ఇది విసుగు కలిగించవచ్చు. నిజానికి ఇది తన వెనుక రాబోయేవారి కోసం రాసిన రాత. తాను గడచిన దారి మరొకరికి సన్నాహంగా మారాలన్నది దీని లక్ష్యం. ఒకరి అనుభవం ఇంకొకరి సామగ్రి అయ్యే ఈ పద్ధతిలో వచనానికి కొత్త బాధ్యత ఏర్పడింది. అతిశయోక్తికి ఇక్కడ చోటు లేదు. నీళ్ళు లేనిచోట ఉన్నాయని రాస్తే తరువాత వచ్చేవాడు చిక్కుల్లో పడతాడు. తెలుగు వచనంలోని నిరాడంబరతను గురించి మాట్లాడేటప్పుడు ఈ కారణాన్ని మనం గుర్తించలేదు.

వీరాస్వామయ్య కడప మీదుగా వచ్చి, అహోబిలం చూసుకొని, ఆత్మకూరు వైపు నుండి నల్లమలలో ప్రవేశించి శ్రీశైలం చేరాడు. ఆ ఆత్మకూరు నేటి నంద్యాల జిల్లాలోనిది. మన నెల్లూరు ఆత్మకూరు కాదు. పేర్లు ఒకటే కావడంతో మా ప్రాంతపు విద్యార్థులు పొరబడుతుంటారు. నాగలూటి, పెద్దచెరువు మీదుగా సాగే ఆ దారి యాత్రికులకు పరిచితమైనా దుర్గమమైనది. మైదానంలో సవారీ మీద, గుడారాలతో, పెద్దపరివారంతో సాగిన ప్రయాణం అక్కడ మరో రూపం తీసుకోవాలి. రచయిత పలుకుబడి మైదానంలో పనిచేసినట్లు అడవిలో పనిచేయదు.

చెంచులు ప్రవేశించేది ఇక్కడే. అడవిదారిలో యాత్రికుని క్షేమం వారితో ముడిపడి ఉంది. వీరాస్వామయ్య పరిశీలన సూక్ష్మమైనది. చుంకాలను గురించీ, అధికారుల తీరును గురించీ నిర్మొహమాటంగా రాస్తాడు. అయితే అతణ్ణి మోసిన బోయీలూ, అడవిని దాటించిన చెంచులూ రచనలో సమూహాలుగానే కనిపిస్తారు. బోయీల పట్ల దయ ఉంది. వారి అలసటను గుర్తించిన చూపు ఉంది. మజిలీకి మజిలీకి దూరం ఎంతో పుస్తకం చెబుతుంది. ఆ దూరాన్ని భుజాల మీద కొలిచినవారి లెక్క చెప్పదు. దీనికి 1830 నాటి రచయితను నిందించడం చరిత్రను విస్మరించడమే అవుతుంది. 2000 తరువాత వచ్చిన మన పరిశోధనలు కూడా ఆ ఖాళీని గమనించకుండా పోవడమే ఆక్షేపణీయం.

6. కలివికోడి: పగటి అన్వేషణ, రాత్రి జ్ఞానం

సన్నాహపు తప్పొప్పులు ఫలితాన్ని ఎలా నిర్ణయిస్తాయో చూపే ఉదాహరణ వెలికొండల పరిసరాల్లోనే ఉంది. ఇది సాహిత్యరచన కాదు. అయినా అన్వేషణ కథనంగా చదవదగినది.

వైద్యుడు, ప్రకృతిశాస్త్రజ్ఞుడు థామస్ జెర్డన్ 1840ల ప్రాంతంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఇక్కడి యానాదుల నుండి పశుపక్ష్యాదుల విషయాలు తెలుసుకొన్నాడు. అతడు సేకరించిన ఒక పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ పక్షికి జెర్డన్ పేరు స్థిరపడింది. పెన్నా, గోదావరి లోయల్లో కొన్నిసార్లు కనిపించిన తరువాత, 1900 నుండి అది ఎవరి కంటికీ పడినట్లు నమోదు లేదు. తూర్పుకనుమల పక్షులను 1930 ప్రాంతంలో విస్తృతంగా పరిశీలించిన వెర్నే సర్వేకు కూడా అది దొరకలేదు. అంతరించినదిగా భావించారు.

1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కృషి ఫలితంగా, కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్ళీ కనిపించింది. దానిని పట్టినవాడు స్థానికుడైన ఐతన్న. రాత్రివేళ, దీపపు వెలుగులో పట్టాడు. పట్టుబడిన ఆ పక్షి బతకలేదు. తరువాత శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ మార్గాన్ని కూడా ఈ పక్షి ఆవాసం కోసం మార్చవలసివచ్చింది.

ఇందులో విమర్శకునికి పనికివచ్చే అంశం ఒకటుంది. ఆ పక్షి రాత్రి తిరిగేది. పగటిపూట వెతికే యాత్ర ఎంత పెద్దదైనా, ఎన్ని పరికరాలున్నా దానిని చూడడం కష్టం. లోపం సామగ్రిలో లేదు. వేళను ఎంచుకోవడంలో ఉంది. స్థానికుల భాషలో ఆ పక్షికి కలివికోడి అని పేరు. కలివి అనేది అక్కడి ముళ్ళపొద. పక్షి ఎక్కడ ఉంటుందో పేరే చెబుతోంది. ఆంగ్లనామంలో సేకరించినవాడున్నాడు, తెలుగు పేరులో పక్షి నివాసముంది. ఒక భాషలోని పేరును అడగకుండా వేసిన ప్రణాళిక ఎంతకాలం దారి తప్పగలదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే నిదర్శనం అరుదు.

1986 వృత్తాంతంలో ఐతన్న పేరు మిగిలింది. 1840ల నాటి యానాదులలో ఏ ఒక్కరి పేరూ లోకానికి తెలియదు. ఈ నూటనలభై ఏళ్ళలో వచ్చిన మార్పు చిన్నది కాదు. అదే సమయంలో, పట్టిన పక్షి చనిపోయిందన్న సంగతిని కూడా మరవకూడదు. దొరికిన తరువాత ఏం చేయాలన్నది కూడా సన్నాహంలో భాగమే.

7. సన్నాహం లేని యాత్ర: 'అతడు అడవిని జయించాడు'

పై రచనలన్నిటిలో బయటివాడు అడవికి వెళ్తాడు. డా. కేశవరెడ్డి నవలలో అడవి అంచున బతికేవాడే వెళ్తాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది మందతో తిరిగి రాలేదు. పందులు కాచుకొనే ముసలివాడు చీకటి పడుతుండగా ఈటె పట్టుకొని దానికోసం బయలుదేరతాడు. కథంతా ఆ ఒక్క రాత్రిలో జరుగుతుంది. అతనికి పేరు లేదు.

ఈ నవలను మనిషికీ ప్రకృతికీ మధ్య పోరాటంగా వ్యాఖ్యానించడం పరిపాటి. సన్నాహదృష్టితో చూస్తే మరొకటి కనిపిస్తుంది. అతడు ప్రణాళిక వేసుకోడు. వేసుకోవడానికి వ్యవధి కూడా లేదు. అయినా అతడు సిద్ధంగానే ఉన్నాడు. జాడను చదవడం, గాలిని పట్టి వాసన తెలుసుకోవడం, ఏ పొద పందికి అనువైనదో ఊహించడం అతని శరీరంలో ముందే ఉన్నాయి. వీరాస్వామయ్య దినచర్యలో రాసి దాచిన సమాచారం ఇక్కడ అభ్యాసంగా మారింది. ఆ అభ్యాసానికి కూడా హద్దులున్నాయని నవల నిర్దాక్షిణ్యంగా చూపుతుంది. ఎంత తెలిసినవానికైనా అడవి పూర్తిగా లొంగదు. శీర్షికలోని జయం అనే మాటను రచయిత ఎంత సందేహంతో వాడాడో చివరిదాకా చదివినవారికి తెలుస్తుంది.

ఇక్కడ పేరు లేకపోవడం వేరు. యాత్రాగ్రంథాల్లో దారిచూపరికి పేరు లేకపోవడం వేరు. కేశవరెడ్డి ముసలివానికి పేరు పెట్టకపోయినా కథనంలోని ప్రతి వాక్యం అతని చూపు నుండే సాగుతుంది. పేరు ఇవ్వడం ఒక్కటే గౌరవానికి కొలత కాదని ఈ నవల నేర్పే పాఠం.

8. అనుమతిపత్రంలోని యాత్రికుడు

నేడు రక్షిత అటవీప్రాంతానికి యాత్ర అనుమతితో మొదలవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలో ప్రవేశాన్ని నియంత్రిస్తుంది. విధుల్లో ఉన్న ఉద్యోగి, లోపల స్థిరాస్తిహక్కు ఉన్నవాడు, ప్రజారహదారి వెంట పోయేవాడు వంటి కొందరికి మినహాయింపు ఉంది. మిగిలినవారు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని అనుమతి పొందాలి. ఏయే ప్రయోజనాలకు అనుమతి ఇవ్వవచ్చునో 28వ సెక్షన్ చెబుతుంది. వన్యప్రాణుల పరిశీలన, ఛాయాచిత్రణ, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవారితో చట్టబద్ధమైన వ్యవహారం అందులో ఉన్నవి.

ఈ జాబితాను సాహిత్యవిద్యార్థి ఒకసారి నెమ్మదిగా చదవాలి. పాల్కురికి సోమనాథుని భక్తులు ఇందులో ఏ పద్దు కిందికి వస్తారు? తీర్థయాత్ర అనే పేరు జాబితాలో లేదు. పాటలు, స్థలనామాలు, కథలు సేకరించడానికి వెళ్ళే తెలుగు పరిశోధకుడు దరఖాస్తులో ప్రయోజనం అనే గడి దగ్గర ఏమని రాయాలి? శాస్త్రీయ పరిశోధన అనాలా, లోపలివారితో వ్యవహారం అనాలా? రెండూ పూర్తిగా సరిపోవు. చాలామంది పర్యాటకం కిందనే వెళ్ళి, పరిశోధనగా సమర్పిస్తారు. అటువంటి సిద్ధాంతగ్రంథంలోని తొలి అసత్యం దాని సన్నాహంలోనే ఉంటుంది.

చట్టాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశ్యం కాదు. ఎర్రచందనం నరికివేత, వేట సాగే ప్రాంతంలో ప్రవేశాన్ని నియంత్రించడం అవసరమే. 2006 నాటి అటవీహక్కుల చట్టం అడవిలో బతికేవారి హక్కులను గుర్తించిన తరువాత మాత్రం, అనుమతి అనే భావనకు రెండో పార్శ్వం ఏర్పడింది. శాఖ ఇచ్చే కాగితం గేటు తెరుస్తుంది. పెంటలోనో గూడెంలోనో ఉన్నవారి సమ్మతి వేరుగా పొందవలసినది. మన క్షేత్రపర్యటనల ప్రణాళికల్లో మొదటిదానికి ఒక పేజీ ఉంటుంది. రెండోదానికి ఒక వాక్యం కూడా ఉండదు.

9. పేరు చెప్పడం, దాచడం

ఇంతవరకు దారిచూపరుల పేర్లు లేకపోవడాన్ని లోపంగా చెప్పాను. దీనికి న్యాయమైన ఆక్షేపణ ఒకటి ఉంది. పేరు చెప్పడం ఎల్లప్పుడూ మేలు చేయదు. ఒక అరుదైన పక్షి ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏ కోనలో ఎర్రచందనం మిగిలి ఉందో, ఫలానా వ్యక్తి చూపించాడని అచ్చులో పెడితే, ఆ చోటుకూ ఆ వ్యక్తికీ ప్రమాదమే. తేనెకో గడ్డలకో అడవికి వెళ్ళినవాడు తన దారిని మనకు చెప్పడం స్నేహంతో. దాన్ని మనం పటంగా గీసి ప్రచురించడం ఆ స్నేహానికి ద్రోహం కావచ్చు.

కనుక పేరుందా లేదా అనే ఒక్క ప్రశ్న విమర్శకు చాలదు. దారి చూపినవాడు తన పేరు ఉండాలని కోరాడా, వద్దన్నాడా, ఆ విషయం అతణ్ణి అడిగారా అన్నది అసలు ప్రశ్న. అడిగి దాచిన పేరుకూ, అడగకుండా వదిలేసిన పేరుకూ పేజీ మీద తేడా కనిపించదు. రచయిత తన పద్ధతిని ఒక మాటలో చెప్పినప్పుడే పాఠకునికి ఆ తేడా తెలుస్తుంది. ఆ ఒక్క మాట రాయవలసిన చోటు సన్నాహభాగమే.

హైమన్‌డార్ఫ్ 1940లో హైదరాబాద్ సంస్థానంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులతో గడిపి, 1943లో వారిని గురించిన గ్రంథం వెలువరించాడు. నేటికీ మన పరిశోధకులు చెంచుల విషయంలో ముందుగా ఉదాహరించేది ఆ పుస్తకాన్నే. ఎనభై ఏళ్ళనాటి విదేశీపండితుని పుటసంఖ్య ఇవ్వడానికి చూపే శ్రద్ధ, నిన్న మనతో మూడు రోజులు నడిచిన మనిషి మాటను ఎలా నమోదు చేయాలన్న విషయంలో చూపడం లేదు. వక్త అనే పారిభాషికపదంతో సరిపెడుతున్నాం. దారి చూపి, నీళ్ళిచ్చి, పొదపేరు చెప్పి, రాత్రి కాపలా ఉన్నవాడు వక్త మాత్రమే ఎలా అవుతాడు?

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. అటవీయాత్రా రచనల్లో సన్నాహం ఉపోద్ఘాతం కాదు. అడవి గురించిన జ్ఞానం ఎవరి దగ్గర ఉందో రచయిత అంగీకరించే ఘట్టం. యాత్రాసాహిత్యాన్ని విశ్లేషించేటప్పుడు దానిని ప్రత్యేకభాగంగా పరిగణించాలి.

2. పర్వతప్రకరణంలో సన్నాహం తిథిరూపంలోనూ పాటరూపంలోనూ ఉంది. ఆముక్తమాల్యదలో నీతిరూపంలో ఉంది. కాశీయాత్ర చరిత్రలో మజిలీ లెక్కగా, కేశవరెడ్డి నవలలో శరీరాభ్యాసంగా కనిపిస్తుంది. ఇవి ఒకదాని తరువాత ఒకటి వచ్చి పాతదాన్ని తుడిచివేసిన దశలు కావు. నేటి యాత్రలోనూ కలిసే ఉన్నాయి.

3. వర్షారణ్యపు నమూనాతో మన అడవులను చదవడం పొరపాటు. వెలికొండలకు, నల్లమలకు నీటి ఆధారంగా, స్థానికమైన ఋతుక్రమం ఆధారంగా ప్రణాళిక అవసరం. ఆ సమాచారం స్థలనామాల్లో, తిరునాళ్ళలో, పక్షుల పేర్లలో నిక్షిప్తమై ఉంది. దానిని వెలికితీయడం తెలుగుశాఖల పని.

4. క్షేత్రపర్యటన ఆధారంగా సాగే సిద్ధాంతగ్రంథాల్లో, దారిచూపరుల సమ్మతి, వారి పాత్ర, పేరు వెల్లడించడంలో పాటించిన పద్ధతి గురించి ఒక విభాగం ఉండటం అవసరం.

సీతారామపురం వైపు నుండి వెలికొండలకు వెళ్ళే పరిశోధకునికి సామాను జాబితా ఇవ్వడం ఈ వ్యాసం పని కాదు. ఒక సూచన మాత్రం చేయవచ్చు. సంచి సర్దుకోవడానికి ముందు, కొండ కింది ఊళ్ళో ఒకరి అరుగు మీద కూర్చొని, లోపలి చోట్ల పేర్లను ఒక్కొక్కటిగా అడిగి రాసుకోవాలి. ఆ పేర్లలో సగం నీటిని గురించి చెబుతాయి. మిగిలిన సగం ఎప్పుడు వెళ్ళకూడదో చెబుతాయి. ఆ కాగితం మీద పై వరుసలో, ఆయన ఒప్పుకొంటే, చెప్పినవారి పేరు రాయాలి.